ఘ్రాణశక్తి

గాలిలో కలిసి వచ్చే రసాయన అణువులను ముక్కు పసిగట్టగా, మెదడు వాటిని వాసనగా గ్రహించే శక్తిని ఘ్రాణశక్తి అంటారు. చూడాలంటే వస్తువు మీద పడిన వెలుగు కంటికి చేరితే చాలు. వాసన తెలియాలంటే ఆ వస్తువే కొద్దికొద్దిగా విడివడి ముక్కులోకి రావాలి. మల్లెపూల వాసన తగిలిందంటే మల్లె నుంచి వెలువడిన అణువులు ముక్కు లోపలి తడిలో కరిగాయన్నమాట. అయితే ఆ అణువుల్లో పరిమళమూ లేదు, దుర్గంధమూ లేదు. అణువు ఆకారం, దాన్ని పట్టుకునే గ్రాహకాలు, మనిషికి అంతకుముందున్న అనుభవం, ఆ క్షణంలో ఉన్న సందర్భం చూసుకుని మెదడు చేసే నిర్ణయమే వాసన. అందుకే ఒకే అణువు ఒకచోట హాయిగానూ మరోచోట రోతగానూ తోస్తుంది. ఈ సంగతికి మంచి ఉదాహరణ రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలాంటి ఊళ్లలో, చెరువు చుట్టూనే దొరుకుతుంది.

తార్కికుల దృష్టిలో వాసన

న్యాయ, వైశేషిక దర్శనాలు ఇంద్రియాలను పంచభూతాలతో ముడిపెట్టాయి. వాటి లెక్కలో గంధం పృథివికి మాత్రమే ఉన్న ప్రత్యేక గుణం. నీటికో గాలికో వాసన వచ్చిందంటే అందులో మట్టికి చెందిన కణాలు కలిశాయని వాటి వివరణ. 17వ శతాబ్దికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు తన 'తర్కసంగ్రహం'లో గంధాన్ని సురభి, అసురభి అని రెండుగా విభజించి, దాన్ని గ్రహించే ఇంద్రియం ముక్కు కొసన ఉంటుందని చెప్పాడు. తర్కశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థులకు ఇప్పటికీ ఇదే తొలి పాఠ్యగ్రంథం.

ఆధునిక శరీరశాస్త్రం ఆ ఇంద్రియాన్ని ముక్కు కొస నుంచి ముక్కు పైకప్పుకు మార్చింది. గాలి ఒట్టి వాహకమని, అది మోసుకొచ్చే పదార్థమే వాసనకు మూలమని తార్కికులు చెప్పిన మాట మాత్రం నిలబడింది. ఇక మంచి వాసన, చెడు వాసన అన్న తేడా వస్తువుదా, వాసన చూసే మనిషిదా అన్న ప్రశ్నపై పరిశోధన నేటికీ సాగుతోంది.

ముక్కు లోపలి నిర్మాణం

ముక్కు రంధ్రాల నుంచి గొంతు వెనకదాకా ఉన్న ఖాళీని నాసికా కుహరం అంటారు. నడుమ ఉన్న గోడ దాన్ని రెండు గదులుగా విడదీస్తుంది. ఒక్కో గదిలో పక్క గోడ నుంచి మూడు ఎముక మడతలు లోపలికి పొడుచుకుని ఉంటాయి. పీల్చిన గాలి వీటి సందుల్లో తిరుగుతూ వెచ్చబడి, తడిసి, దుమ్మును వదిలించుకుని ఊపిరితిత్తులకు వెళుతుంది. మామూలుగా ఊపిరి తీసుకున్నప్పుడు ఈ గాలిలో కొద్ది భాగమే పైకప్పును తాకుతుంది. ఏదో మాడుతోందని అనుమానం వచ్చినప్పుడు గట్టిగా ఎగపీల్చేది గాలిని పైదాకా పంపడానికే. రెండు రంధ్రాలూ ఎప్పుడూ సమానంగా పనిచేయవు. కొన్ని గంటలకోసారి ఒక వైపు కాస్త బిగుసుకుని మరో వైపు తెరుచుకుంటుంది.

పైకప్పు దగ్గర కొన్ని చదరపు సెంటీమీటర్ల మేర ఘ్రాణ ఉపకళ అనే పొర పరుచుకుని ఉంటుంది. అందులో లక్షల సంఖ్యలో నాడీకణాలుంటాయి. ఒక్కో కణం కొసన ఉన్న సన్నని నూగు పోగులు జిగట ద్రవంలో తేలుతుంటాయి. గాలిలో వచ్చిన అణువు ముందు ఈ ద్రవంలో కరగాలి, తర్వాత పోగులకు తగలాలి. ఆవిరి కాని పదార్థాలకు వాసన లేకపోవడానికి కారణం ఇదే. ఉప్పు, పంచదార ఎంత పోసినా ముక్కుకు తెలియవు. యాలకులు, ఇంగువ మాత్రం డబ్బా మూత తీయగానే తెలిసిపోతాయి.

ఈ నాడీకణాలు నేరుగా బయటి గాలికి ఎదురుగా ఉంటాయి. దుమ్ము, పొగ, వైరస్‌ల దెబ్బ వీటికి తప్పదు. అందుకే శరీరంలోని చాలా నాడీకణాల్లా కాకుండా ఇవి చనిపోతూ, అడుగున ఉన్న మూలకణాల నుంచి మళ్లీ పుడుతూ ఉంటాయి. జలుబుతో పోయిన వాసన తిరిగి రావడంలో ఈ ఏర్పాటుకు పెద్ద పాత్ర ఉంది.

గ్రాహకాలు, రసాయన సంకేతం

వాసన అణువులను పట్టుకునే ప్రోటీన్లను ఘ్రాణ గ్రాహకాలు అంటారు. వీటిని తయారుచేసే జన్యువుల పెద్ద కుటుంబాన్ని 1991లో అమెరికన్ శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ కనుగొన్నారు. ఆ కృషికి 2004లో వారికి వైద్య నోబెల్ బహుమతి లభించింది. మనిషిలో పనిచేసే ఘ్రాణ గ్రాహక జన్యువులు సుమారు 400. ఎలుకలో వెయ్యికి పైగా, ఆఫ్రికా ఏనుగులో దాదాపు 2,000 ఉన్నాయి. ఒక్కో నాడీకణం ఈ 400 రకాల్లో సాధారణంగా ఒక్క రకం గ్రాహకాన్నే తయారుచేస్తుంది.

అణువు గ్రాహకానికి అంటుకోగానే కణం లోపల వరుస చర్యలు మొదలవుతాయి. గ్రాహకం పక్కనున్న జి-ప్రోటీన్ ఉత్తేజితమవుతుంది. అది ఒక ఎంజైమును మేల్కొలుపుతుంది. ఆ ఎంజైము ఏటీపీ అనే పదార్థాన్ని సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. సైక్లిక్ ఏఎంపీ కణపు పొరలోని ద్వారాలను తెరుస్తుంది. వాటిలోంచి సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూసుకొచ్చి విద్యుత్ సంకేతం పుడుతుంది. ఈ గొలుసులో ముడిసరుకైన ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కెతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

నాలుగు వందల గ్రాహకాలతో అంతకన్నా ఎన్నో రెట్లు వాసనలు ఎలా తెలుస్తాయన్న సందేహానికి 1999లో బక్ బృందం సమాధానం చూపింది. ఒక అణువు పలు గ్రాహకాలను తడుతుంది. ఒక గ్రాహకం పలు అణువులకు స్పందిస్తుంది. ఏయే గ్రాహకాలు కలిసి మేల్కొన్నాయన్నదే ఆ వాసనకు గుర్తు. యాభై ఆరు అక్షరాలతో తెలుగులో ఇన్ని మాటలు పుట్టినట్టే ఇదీ.

ఈ పద్ధతి వల్ల అణువు ఆకారంలో చిన్న మార్పు వచ్చినా వాసన మారిపోగలదు. కార్వోన్ అనే అణువు అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాల్లో ఉంటుంది. ఒక రూపం పుదీనా వాసన, రెండోది సోయకూర గింజల వాసన. అణువు మారకుండా మోతాదు మారినా తేడా వస్తుంది. మల్లె పరిమళంలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. ఆ కొద్దిపాటి మోతాదులో అది పూల వాసనకు నిండుతనం ఇస్తుంది. అదే ఎక్కువైతే మలం వాసన కొడుతుంది, ఎందుకంటే మలంలోనూ ఉండేది అదే ఇండోల్.

మెదడుకు చేరే దారి

ముక్కు పైకప్పు మీద జల్లెడలా సన్నని రంధ్రాలున్న ఎముక పలక ఉంటుంది. నాడీకణాల తంతువులు ఆ రంధ్రాల గుండా పైకి వెళ్లి, మెదడు అడుగున ఉన్న ఘ్రాణ లంబికలను చేరుతాయి. ఒకే రకం గ్రాహకం ఉన్న కణాలు ముక్కులో చెల్లాచెదురుగా ఉన్నా, వాటి తంతువులు లంబికలో ఒకచోటికి వచ్చి కలుస్తాయి. అలా ప్రతి వాసనకూ లంబిక మీద ఒక ప్రత్యేకమైన నమూనా ఏర్పడుతుంది.

చూపు, వినికిడి, స్పర్శల సమాచారం ముందుగా థాలమస్ అనే కేంద్రంలో ఆగి, ఆ తర్వాతే మెదడు పైపొరకు వెళుతుంది. వాసన సమాచారం అలా ఆగకుండా నేరుగా వాసనను గుర్తించే వల్కలానికి, భావోద్వేగాలతో సంబంధమున్న అమిగ్డలాకు, జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్‌కు దారితీసే ప్రాంతానికి చేరుతుంది. అందువల్లే వాసన ఏమిటో పేరు తట్టకముందే అది నచ్చిందో లేదో తెలిసిపోతుంది. బాగా తెలిసిన వస్తువుల వాసన చూపించినా, కళ్లు మూసుకుని ఉంటే వాటిలో దాదాపు సగానికే మనుషులు పేర్లు చెప్పగలరని ప్రయోగాలు చూపాయి. అయితే ఇది అన్ని సమాజాల్లోనూ ఒకేలా లేదు. మలేషియా అడవుల్లోని జహాయ్ తెగవారు రంగుల పేర్లంత సులువుగా వాసనల పేర్లు చెప్పగలరని 2014లో అసీఫా మజీద్, నిక్లాస్ బూరెన్‌హుల్ట్ నిరూపించారు.

తొలకరి వాసన: ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు

ఇబ్రహీంపట్నం హైదరాబాద్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉంది. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వెలిసిన ఊరిది. ఊరికి ఆనుకుని ఉన్న పెద్ద చెరువు కుతుబ్ షాహీల నాటిది. ఎండాకాలంలో నీరు తగ్గి చెరువు శిఖం బీటలు వారుతుంది, చుట్టుపక్కల చెల్కలు ఎండి గట్టిపడతాయి. జూన్ మొదటి వారం దాటి మిరుగు (మృగశిర కార్తె) ప్రవేశించాక తొలి చినుకులు పడగానే నేల నుంచి లేచే వాసన ఊరందరికీ తెలుసు.

ఆ వాసనకు మూలం ఏమిటో 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 'నేచర్' పత్రికలో వివరించారు. ఎండిన నేల, రాళ్లు మొక్కల నుంచి వచ్చిన నూనెలను పీల్చుకుని ఉంటాయని, తడి తగలగానే వాటిని వదులుతాయని చెప్పారు. ఈ వాసనకు వారు పెట్టిన పేరు పెట్రికోర్. భారతదేశంలో ఇదే వాసనను గంధపు నూనెలో పట్టి మట్టి అత్తరుగా అమ్ముతారన్న సంగతిని కూడా వారు ప్రస్తావించారు. కాల్చిన మట్టిని బట్టీలో ఉడికించి ఈ అత్తరు తీసే పని ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ సాగుతోంది. హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో అది దొరుకుతుంది.

తొలకరి వాసనలో మరో ముఖ్య భాగం జియోస్మిన్. 1965లో అమెరికాలో నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లెషెవాలియే దీన్ని వేరుచేసి పేరు పెట్టారు. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా దీన్ని తయారుచేస్తుంది. చినుకు నేల మీద పడినప్పుడు మట్టి రంధ్రాల్లోని గాలి బుడగలుగా పైకొచ్చి పగులుతుంది, ఆ తుంపరలతో పాటు జియోస్మిన్ గాలిలోకి లేస్తుంది. ఈ దృశ్యాన్ని 2015లో ఎంఐటీ పరిశోధకులు వేగవంతమైన కెమెరాలతో చిత్రించారు. జడివాన కన్నా తేలికపాటి చినుకులకే ఈ తుంపర ఎక్కువగా లేస్తుందని గమనించారు.

మనిషి ముక్కు జియోస్మిన్‌ను అసాధారణంగా పసిగడుతుంది. లీటరు నీటిలో 5 నానోగ్రాములున్నా, అంటే లక్ష కోట్ల భాగాల్లో 5 భాగాలున్నా, చాలామంది గుర్తించగలరు. దీనికి స్పందించే మానవ గ్రాహకం ఓఆర్11ఏ1 అని 2024లో జర్మనీ పరిశోధకులు ప్రకటించారు.

ఒకే అణువు, వేర్వేరు తీర్పులు

బ్యాక్టీరియా ఈ వాసనను ఎందుకు విడుదల చేస్తుందన్న దానికి 2020లో ఒక సమాధానం దొరికింది. నేలలో ఉండే స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న పురుగులు జియోస్మిన్ వాసనకు ఆకర్షితమై బ్యాక్టీరియాను తింటాయి. వాటి ఒంటికి అంటుకున్న బీజాలు కొత్త చోట్లకు చేరుతాయి. పండ్ల మీద వాలే డ్రోసోఫిలా ఈగకు మాత్రం ఇదే వాసన ప్రమాద సూచన. బూజు, బ్యాక్టీరియా పట్టిన ఆహారం మీద గుడ్లు పెట్టకుండా ఆ వాసన దాన్ని దూరంగా ఉంచుతుంది. ఆ ఈగలో జియోస్మిన్ కోసమే ప్రత్యేకమైన గ్రాహకం ఉందని 2012లో తేలింది.

మనిషి దగ్గర రెండు తీర్పులూ ఉన్నాయి. తొలకరిలో మట్టి వాసన వస్తే ఇబ్రహీంపట్నం రైతు సంతోషిస్తాడు, ఎందుకంటే అది విత్తనాలు వేసే అదను. ఎండాకాలంలో చెరువు నీటిలో నాచు, సయానోబ్యాక్టీరియా పెరిగినప్పుడు అవీ జియోస్మిన్‌ను వదులుతాయి. ఆ నీళ్లు తాగాల్సి వస్తే అదే వాసన వెగటు పుట్టిస్తుంది. ఆ నీటిలో పెరిగిన చేపల కొవ్వులో, తోలులో జియోస్మిన్ చేరి బురద వాసన వస్తుంది. బొచ్చె, రవ్వ, బంగారు తీగ కొనేటప్పుడు ఏ చెరువు చేప అని అడిగేవారి అనుమానం ఈ వాసన గురించే. మృగశిర కార్తె నాడు చేపలు తినడం తెలంగాణలో ఆనవాయితీ కాబట్టి, నేలలో జియోస్మిన్‌ను మెచ్చుకుని కూరలో దాన్ని పోగొట్టాలని చూసే సందర్భాలు రెండూ ఒకే వారంలో వస్తాయి.

వంటింట్లో దీనికి విరుగుడు ఎప్పటినుంచో ఉంది. చేప ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, నిమ్మరసమో చింతపండు రసమో పోసి కాసేపు ఉంచి కడుగుతారు. ఆ తర్వాత చింతపండు పులుసులోనే ఉడికిస్తారు. పులుపులో జియోస్మిన్ అణువు నీటి అంశను కోల్పోయి, వాసన లేని వేరే పదార్థంగా మారుతుంది. సముద్రపు చేపల్లో ఎక్కువగా ఉండే నీచు వాసనకు కారణం ట్రైమిథైల్ అమైన్. దాన్నీ పులుపు లవణంగా మార్చి గాలిలోకి లేవకుండా చేస్తుంది. బతికున్న చేపలను కొన్ని రోజులు శుభ్రమైన పారే నీటిలో ఉంచినా జియోస్మిన్ తగ్గుతుంది.

రుచిలో వాసన వాటా

నాలుక గుర్తించేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసం రసంలాంటి ఉమామి మాత్రమే. మిగతా రుచిగా మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. నమిలినప్పుడు ఆహారం నుంచి లేచిన ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కు పైకప్పుకు ఎక్కుతుంది. ముక్కు గట్టిగా మూసుకుని యాలకులు వేసిన పరమాన్నం నోట్లో పెట్టుకుంటే తీపి, మెత్తదనం మాత్రమే తెలుస్తాయి. ముక్కు వదలగానే యాలకులు, నెయ్యి, బియ్యం ఒక్కసారిగా తెలుస్తాయి. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఉందనిపించడానికీ ఇదే కారణం.

తెలుగువారి పోపు ఈ సూత్రం మీదే నడుస్తుంది. కాగిన నూనె కరివేపాకు, ఇంగువ, జీలకర్రలోని తేలికపాటి అణువులను ఒక్కసారిగా విడుదల చేస్తుంది. కరివేపాకు ప్రత్యేక వాసనకు ప్రధాన కారణం గంధకం ఉన్న 1-ఫినైల్‌ఇథేన్‌థయాల్ అనే పదార్థమని 2015లో వెలువడిన పరిశోధన గుర్తించింది. పచ్చి ఇంగువ దుర్వాసన కూడా గంధక సమ్మేళనాలదే. నెయ్యిలో పడి వేగాక ఆ వాసన మెత్తబడి, ఉల్లి వెల్లుల్లి కలిసిన వాసనకు దగ్గరవుతుంది. చిట్టిముత్యాలులాంటి దేశవాళీ సువాసన బియ్యానికి ఆ వాసననిచ్చే 2-ఎసిటైల్-1-పైరోలిన్ ఆదిలాబాద్ అడవుల్లో రాలే ఇప్పపువ్వులోనూ ఉంది.

పోపులో ఎండుమిర్చి మాడి ఇంటిల్లిపాదికీ దగ్గు వచ్చినప్పుడు పనిచేసేది ఘ్రాణ నాడి కాదు. ముఖంలో స్పర్శ, మంట, చలి తెలిపే త్రిధార నాడి. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని గుర్తించే గ్రాహకాన్ని, జిందాతిలిస్మాత్‌లాంటి మందుల్లోని, తలనొప్పి బామ్‌లలోని మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే గ్రాహకాన్ని తడతాయి. ఈ గ్రాహకాల పరిశోధనకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కోళ్ల ఫారం పక్కగా వెళ్లేటప్పుడు కళ్లు మండేలా తగిలే అమ్మోనియాలో వాసన, మంట రెండూ కలిసే ఉంటాయి.

ఇష్టాయిష్టాలు ఎలా ఏర్పడతాయి

వాసనల పరిచయం పుట్టకముందే మొదలవుతుంది. తల్లి తిన్న వెల్లుల్లి వాసన ఉమ్మనీటిలోకి చేరుతుందని 1995లో, తల్లిపాలలోకి రెండు గంటలకల్లా వస్తుందని 1991లో జూలీ మెనెల్లా, గ్యారీ బ్యూషాంప్ చూపారు. ఆ పాలను పసిపిల్లలు ఎక్కువసేపు తాగారు. బాలింతకు వెల్లుల్లి కారం, కాయం పెట్టే ఇళ్లలో బిడ్డకు ఇంటి తిండి వాసన ఆ పాలతోనే పరిచయమవుతుందన్నమాట. తలంటి పోశాక వేసే సాంబ్రాణి ధూపం కూడా అదే వయసులో తోడవుతుంది. వాసన వల్ల గుర్తుకొచ్చే జ్ఞాపకాల్లో ఎక్కువ భాగం పదేళ్లలోపు వయసువని పరిశోధనలు చెబుతున్నాయి. మాటలు, చిత్రాలు తట్టిలేపే జ్ఞాపకాలు మాత్రం ఎక్కువగా పది నుంచి ముప్పై ఏళ్ల మధ్యవి.

సందర్భం వాసనను అక్కడికక్కడే మార్చేస్తుంది. 2001లో జరిగిన ఒక ప్రయోగంలో ఒకే ఆమ్ల మిశ్రమాన్ని కొందరికి జున్ను అని, కొందరికి వాంతి అని చెప్పి వాసన చూపించారు. మొదటివారికి నచ్చింది, రెండోవారు ముఖం తిప్పుకున్నారు. అందులో ఉన్న బ్యూటిరిక్ ఆమ్లమే మురిగిన వెన్నకూ ఆ వాసన తెస్తుంది. కన్ను కూడా ముక్కును ఏమార్చగలదు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో తెల్ల ద్రాక్షసారాకు వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చినప్పుడు విద్యార్థులు ఎర్రసారాకు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు.

మరి వాసనలోని మంచిచెడ్డలు పూర్తిగా మనిషి కల్పనేనా? 2022లో ప్రచురితమైన అధ్యయనం దీన్ని కొలిచింది. పాశ్చాత్యేతర సమాజాలు తొమ్మిదింటికి చెందిన 225 మందితో వాసనలను ఇష్టాన్ని బట్టి వరుసలో పెట్టించారు. వెనీలా వాసననిచ్చే వెనిలిన్‌కు అన్నిటికన్నా ముందు చోటు, చెమట పట్టిన కాలి వాసననిచ్చే ఐసోవలెరిక్ ఆమ్లానికి చివరి చోటు దక్కాయి. తేడాల్లో సుమారు 41 శాతం అణువును బట్టి, 54 శాతం వ్యక్తిని బట్టి వచ్చాయి. సంస్కృతి వాటా 6 శాతమే. సురభి, అసురభి విభజనకు అణువులో కొంత ఆధారం ఉంది, కానీ అంతకన్నా పెద్ద వాటా వాసన చూసేవారిదే.

అలవాటు, ప్రమాదం

ఎడతెగకుండా వచ్చే వాసన కొద్ది నిమిషాల్లో తెలియకుండా పోతుంది. నాడీకణంలో చేరిన కాల్షియమే ద్వారాలను మూయిస్తుంది, మెదడు కూడా మారని సమాచారాన్ని పక్కన పెడుతుంది. కోళ్ల ఫారంలో పనిచేసేవారికి అక్కడి వాసన, పూల దుకాణం నడిపేవారికి పూల వాసన పట్టింపు లేకపోవడం ఇందుకే. కొత్తగా వచ్చిన మార్పును పట్టుకోవడానికి ఈ ఏర్పాటు ఉపయోగపడుతుంది. వాసన లేని వంటగ్యాసులో ఘాటైన ఇథైల్ మెర్కాప్టన్ కలిపేది అందుకే.

అయితే ముక్కును ఎప్పుడూ నమ్మడానికి లేదు. మురుగు గుంతల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు దాటితే అది ఘ్రాణ నాడినే మొద్దుబారుస్తుంది. వాసన పోయిందంటే విషవాయువు పోయిందని కాదు, పెరిగిందని కావచ్చు. మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగినవారు ఒకరి వెంట ఒకరు పడిపోయే ప్రమాదాల వెనక ఇదొక కారణం. నిద్రలోనూ ముక్కు కావలి కాయదు. పొగ వాసనలాంటివి గాఢనిద్రలో ఉన్నవారిని లేపలేవని 2004లో ప్రయోగాలు తేల్చాయి. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఒక పరిశ్రమ నుంచి విషపూరితమైన స్టైరీన్ ఆవిరి వెలువడింది తెల్లవారుజామున, జనం నిద్రలో ఉన్న వేళ.

ఘ్రాణ లోపాలు

వాసన పూర్తిగా తెలియకపోవడాన్ని అనోస్మియా అని, ఒక వాసన మరోలా తోచడాన్ని పారోస్మియా అని అంటారు. జలుబు, సైనస్, ముక్కులో కండలు పెరగడం సాధారణ కారణాలు. తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు జల్లెడ ఎముక గుండా వెళ్లే తంతువులు తెగిపోవచ్చు. హెల్మెట్ లేకుండా బండి మీద నుంచి పడినవారిలో ఈ ప్రమాదం ఉంది. వయసూ ఒక కారణమే. 65 నుంచి 80 ఏళ్లవారిలో సగానికి పైగా, 80 దాటినవారిలో మూడొంతులకు పైగా ఘ్రాణశక్తి బాగా తగ్గి ఉంటుందని 1984లో అమెరికాలో జరిగిన అధ్యయనం తెలిపింది. పార్కిన్సన్, అల్జీమర్స్ వ్యాధుల్లో మిగతా లక్షణాలకు ఏళ్ల ముందే వాసన తగ్గడం కనిపిస్తుంది.

కోవిడ్-19 ఈ లోపాన్ని అందరికీ తెలిసిన మాటగా చేసింది. 2020 జూన్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ వాసన, రుచి పోవడాన్ని వ్యాధి లక్షణాల్లో చేర్చింది. ముక్కు దిబ్బడ లేకుండానే వాసన పోవడం వైద్యులను ఆశ్చర్యపరిచింది. వైరస్ పట్టుకునేది నాడీకణాలను కాదని, వాటికి ఆసరాగా ఉండే కణాలనని ఆ ఏడాదే హార్వర్డ్‌లో సందీప్ దత్తా బృందం చూపింది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి రావడానికి ఇదొక వివరణ.  

వాసన తిరిగి తెచ్చుకోవడానికి అభ్యాసం ఉంది. 2009లో జర్మనీకి చెందిన థామస్ హుమెల్ రూపొందించిన పద్ధతిలో గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలను రోజుకు రెండుసార్లు, 12 వారాలపాటు శ్రద్ధగా వాసన చూడాలి. ఇది అందరికీ పనిచేయకపోయినా కొందరికి మేలు చేసింది, ప్రమాదం మాత్రం లేదు.

మనిషి ముక్కు బలహీనమా?

మనిషి ఘ్రాణశక్తి జంతువులతో పోలిస్తే నామమాత్రమన్న అభిప్రాయం 19వ శతాబ్దిలో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా రాతల నుంచి వ్యాపించింది. మెదడు పరిమాణంతో పోలిస్తే మనిషి ఘ్రాణ లంబిక చిన్నదన్నదే అతని ఆధారం. 2017లో జాన్ మెక్‌గాన్ 'సైన్స్' పత్రికలో ఈ అభిప్రాయం నిలవదని వాదించాడు. అంతకుముందే 2007లో కాలిఫోర్నియాలో 32 మంది కళ్లకు గంతలు కట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ గడ్డిలో పోసిన చాక్లెట్ వాసన జాడను పట్టారు. మూడింట రెండొంతుల మంది చివరిదాకా వెళ్లగలిగారు, అభ్యాసంతో వేగమూ పెరిగింది. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రంలో తయారయ్యే జాగిలాలతో మనిషి పోటీ పడలేడు. అయినా అభ్యాసం ఉంటే మనిషి ముక్కు కూడా అనుకున్నదానికన్నా చాలా చేయగలదు.

పరీక్షలు, పరిశోధనలు

2023లో మనిషి ఘ్రాణ గ్రాహకం ఒకటి వాసన అణువును పట్టుకుని ఉన్న రూపాన్ని ఆశిష్ మాంగ్లిక్ తదితరులు తొలిసారి చిత్రించారు. అదే ఏడాది సుమారు 5,000 అణువుల వివరాలతో శిక్షణ పొందిన కంప్యూటర్ నమూనా, కొత్త అణువు నిర్మాణాన్ని చూసి దాని వాసనను శిక్షణ ఉన్న మనుషులంత బాగా వర్ణించగలిగింది. అణువును బట్టి వచ్చే భాగాన్ని యంత్రం పట్టుకోవడం మొదలుపెట్టిందన్నమాట. వ్యక్తిని బట్టి వచ్చే భాగం దాని లెక్కకు ఇంకా బయటే ఉంది.

వైద్యంలో ఈ భాగం చిన్న విషయం కాదు. ఘ్రాణ పరీక్షల్లో ప్రసిద్ధమైనది 1984లో అమెరికాలో వచ్చిన 40 వాసనల పుస్తకం. గీకి వాసన చూసి, నాలుగు పేర్లలో ఒకటి ఎంచుకోవాలి. అందులోని కొన్ని అమెరికా పానీయాలు, మిఠాయిల వాసనలు ఇబ్రహీంపట్నంలో ఎద్దులు కట్టి దున్నిన పెద్దాయన ఎన్నడూ చూసి ఉండడు. ఆయన తప్పు చెబితే ముక్కు చెడిందో, ఆ వాసన పరిచయం లేదో తేల్చడం కష్టం. తొలిదశ పార్కిన్సన్‌ను వాసనతో పసిగట్టాలనుకునే వైద్యుడికి ఆ రెండింటి తేడా చాలా ముఖ్యం. అందువల్ల ఇక్కడి పరీక్షలో ఉండాల్సినవి ఇంగువ, కరివేపాకు, లవంగం, మల్లె, కిరోసిన్, తడిసిన మట్టి వంటి ఊరందరికీ తెలిసిన వాసనలే.